ఇంటి బట్టీ - సర్కారు ఖజానా

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయవలసిందిగా కార్యవర్గం వారు కోరినప్పుడు గోలకొండ మీదనో, కుతుబ్‌షాహీల మీదనో రాద్దామా అనుకున్నాను. ఆ పనికి నాకంటే సమర్థులు మన సంఘంలో ఉన్నారు. నేను గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే విరమించినది ఆబ్కారీ శాఖలో. కాబట్టి నాకు తెలిసిన ఆ శాఖ చరిత్రనే నాలుగు మాటలు రాస్తున్నాను. మద్యం ముట్టని సభ్యులు కూడా దయచేసి పుట తిప్పవద్దని మనవి. ఇది తాగుడు గురించిన వ్యాసం కంటె ఎక్కువగా మనందరి జీతాల గురించిన వ్యాసం.

ఈ విషయం తట్టడానికి కారణం మా మనుమడు. నానక్‌రామ్‌గూడలో మేముండే ఇంటికి కూతవేటు దూరంలోనే వాడి కంపెనీ. ఒక ఆదివారం నాడు, "తాతా, అమెరికాలో మొక్కజొన్నలతో ఇంట్లోనే విస్కీ కాసుకునేవారట. మనకు మొక్కజొన్నకు కొదవ లేదు గదా, మనవాళ్లు ఎందుకు కాయలేదు? ఇప్పుడు నేను కాస్తే ఏమవుతుంది?" అని అడిగాడు. రెండో ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో చెప్పాను: జైలు. మొదటి ప్రశ్న మాత్రం మంచి ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

సారా ఏదైనా చక్కెర పులిస్తేనే పుడుతుంది. మొక్కజొన్న గింజలో ఉన్నది చక్కెర కాదు, పిండి. పిండిని నీళ్లలో నానబెట్టినంత మాత్రాన సారా కాదు, కుళ్లిపోతుంది. దానిని ముందు గంజిగా ఉడికించి, సుమారు 65 డిగ్రీలకు చల్లార్చి, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ పొడిని కలపాలి. మొలకలో ఉండే ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. ఆ తరువాతనే ఈస్టు పని మొదలు. నాలుగైదు రోజులు పులిసిన తరువాత రాగి పాత్రలో కాస్తారు. నీరు 100 డిగ్రీల వద్ద, ఆల్కహాలు 78 డిగ్రీల వద్ద మరుగుతాయి గనుక ముందుగా ఆవిరై వచ్చేదానిలో ఆల్కహాలు పాలు ఎక్కువ. మొదట కారిన ఘాటు భాగాన్ని, చివర కారిన నీచువాసన భాగాన్ని తీసివేసి నడిమి భాగాన్ని ఉంచుకుంటారు. అమెరికా చట్టం ప్రకారం కార్న్ విస్కీ అనాలంటే గింజలలో కనీసం 80 శాతం మొక్కజొన్న ఉండాలి. బోర్బన్ అనేదానికి 51 శాతం చాలు, అయితే దానిని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలలో నిల్వ చేయాలి. మనలో కొందరు మిత్రులు ఎంతో గౌరవంగా సేవించే స్వదేశీ విస్కీలలో అధిక భాగం గింజ ముఖం చూడనివే; చక్కెర ఫ్యాక్టరీ మడ్డి నుంచి తీసిన స్పిరిట్‌కు రంగు, రుచి కలిపినవి. ఈ మాట చెప్పినందుకు నా మీద కోపగించుకోవద్దు.

మనకు ఇంత శ్రమ అక్కరలేకపోయింది. చైత్రం వచ్చిందంటే తెల్లవారుజామున ఇప్పచెట్టు కింద పూలు పరుచుకుని ఉంటాయి. ఎండిన ఇప్పపువ్వు బరువులో సగానికి మించి చక్కెరే. కుండలో నీళ్లు పోసి నానబెడితే చాలు, గాలిలోని ఈస్టుతోనే పులుస్తుంది. కింద ఒక కుండ, పైన మరొక కుండ, మధ్యలో వెదురు గొట్టం, చల్లార్చడానికి నీళ్లు - ఇదే అడవి బిడ్డల కార్ఖానా. మైదానాలలో ఇప్పపువ్వు బదులు బెల్లం వచ్చింది. బెల్లంలో కూడా చక్కెర తయారుగానే ఉన్నది. ఇంత తేలిక సరుకు చేతిలో ఉండగా మొలకలు, గంజి, థర్మామీటరు ఎవరికి కావాలి? పైగా మొక్కజొన్న మనది కాదు. కొలంబస్ తరువాత అమెరికా ఖండం నుంచి సముద్రం దాటి వచ్చిన పంట అది. మన పల్లెలో దానిని కాల్చుకుని తిన్నారు, గటక వండుకున్నారు.

గోండులకు, కోయలకు ఇప్పసారా కేవలం మత్తు పదార్థం కాదు. దేవతకు ధార పోయాలన్నా, పెళ్లి కుదిరిందని చెప్పాలన్నా, చనిపోయినవారికి కర్మ చేయాలన్నా అది కావాలి. ఇంట్లో చేసుకున్నది ఇంట్లోనే ఖర్చవుతుంది. అలాంటి ఇంటి వస్తువు మీద సర్కారు చేయి వేసినప్పుడల్లా గొడవ జరిగింది. ఈ విషయంలో అమెరికాకూ మనకూ ఆశ్చర్యం కలిగించే పోలిక ఉన్నది.

అమెరికా స్వతంత్ర దేశమైన కొద్ది ఏళ్లకే, 1791లో, యుద్ధపు అప్పులు తీర్చడానికి ఆర్థిక మంత్రి హామిల్టన్ విస్కీ మీద సుంకం వేయించాడు. పశ్చిమ పెన్సిల్వేనియా రైతులకు కొండలు దాటి ధాన్యం బస్తాలు మోయడం కంటె దానిని విస్కీగా మార్చి పీపాలలో పంపడం గిట్టుబాటు. నగదు లేని ఆ కొండప్రాంతంలో విస్కీయే నాణెంలా చలామణీ అయ్యేది. సుంకం వసూలుకు వచ్చిన ఉద్యోగులకు తారు పూసి ఈకలు అంటించి తరిమారు. 1794లో అధ్యక్షుడు వాషింగ్టన్ సుమారు 13 వేల మంది సైనికులను వెంట తీసుకుని బయలుదేరాడు. తిరుగుబాటు అణిగింది. సుంకం 1802లో రద్దయింది. అన్నట్లు, ఆ వాషింగ్టన్ గారే 1797లో తన మౌంట్ వెర్నన్ ఎస్టేటులో స్వంత బట్టీ పెట్టించి, 1799లో 11 వేల గ్యాలన్ల దాకా విస్కీ కాయించాడు. అందులో 35 శాతం మొక్కజొన్న. సర్కారు పెద్దలు, సారా - ఈ బంధం మన దేశంలో మాత్రమే ఉన్నదనుకోవడం పొరపాటు.

ఇక మనవైపు. గోదావరి ఏజెన్సీలోని రంప ప్రాంతంలో కొండదొరలు, కోయలు జీలుగు చెట్లు గీసుకుని కల్లు తాగేవారు. వేసవిలో అన్నం దొరకని రోజులలో అదే వారికి ఆహారం. మునసబుదారు దానిమీద చిగురుపన్ను వేసేవాడు. దానికి తోడు మద్రాసు ప్రభుత్వపు ఆబ్కారీ నిబంధనలు వచ్చి, ఇంటి అవసరానికి కూడా స్వంతంగా కల్లు తీయకూడదని, హక్కు గుత్తేదారుదని చెప్పాయి. మునసబుదారు చిగురుపన్నుకు పైన మొదలుపన్ను కూడా కలిపాడు. 1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో పితూరీ లేచింది. పోలీసు ఠాణాలు తగలబడ్డాయి. కారం తమ్మన్నదొర, అంబుల్‌రెడ్డి వంటి నాయకులు అడవిలో ఉండి మద్రాసు సైన్యాన్ని నెలల తరబడి తిప్పలు పెట్టారు. తమ్మన్నదొర 1880లో కాల్పులలో చనిపోయాడు. మునసబుదారును తొలగించారు, ఏజెన్సీ ప్రజల మీద కల్లు పన్ను ఎత్తివేశారు. అల్లూరి సీతారామరాజు గారి 1922 పితూరీ మనందరికీ తెలుసు. దానికి నాలుగు దశాబ్దాల ముందు అదే కొండలలో జరిగిన ఈ పితూరీ వెనుక ఒక ఆబ్కారీ నిబంధన ఉన్నదని తెలిసినవారు తక్కువ. విస్కీ తిరుగుబాటు గురించి అమెరికాలో బడిపిల్లలు చదువుతారు. రంప పితూరీని మన పిల్లలు ఎంతవరకు చదువుతున్నారో మనుమలను అడిగి చూడండి.

హైదరాబాదు సంస్థానంలో సంగతి వేరు. "ఆబ్" అంటే పారసీలో నీరు, "కారీ" అంటే పని. ఆ నీటి పని నిజాం ఖజానాకు భూమిశిస్తు తరువాత అంతటి రాబడి. మొదట ఊరూరా బట్టీలు హర్రాజు వేసేవారు. గుత్త పాడుకున్నవాడు కాయించి అమ్ముకునేవాడు, మిగిలినవారు కాస్తే నేరం. ఫసలీ 1316 నాటి హైదరాబాదు ఆబ్కారీ చట్టం ఈ ఏర్పాట్లకు గట్టి రూపం ఇచ్చింది. ఫసలీకి 590 కలిపితే 1906 అని మన పాత సభ్యులకు చెప్పనవసరం లేదు. క్రమేణా ఊరి బట్టీలు తగ్గి సర్కారీ బట్టీలు వచ్చాయి. నారాయణగూడ, కామారెడ్డి డిస్టిలరీల పేర్లు మన తరం ఉద్యోగులకు సుపరిచితమే. ఇక సేంది దుకాణం లేని ఊరు లేదు. ఈత చెట్టుకు ఇంత, తాటి చెట్టుకు ఇంత అని చెట్టు పన్ను, చెట్లకు నంబర్లు. మేము ఇక్కడ ఇల్లు కట్టుకున్న నాటికి నానక్‌రామ్‌గూడ బండల మధ్య, రంగనాథస్వామి గుడికి పోయే దారిలో ఈత చెట్లు ఉండేవి. ఇప్పుడు ఆ వైపు చూస్తే అద్దాల మేడలే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టి, 1938లో మన చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసు రాష్ట్రమంతటా నిషేధం అమలైంది. అందుచేత 1953లో ఆంధ్ర రాష్ట్రం నిషేధంతోనే పుట్టింది. ఆబ్కారీ రాబడి లేదు, నాటుసారా మాత్రం ఏరులై పారింది. ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం రామమూర్తి కమిటీని వేసింది, నిషేధం ఎత్తివేయడమే మేలని కమిటీ చెప్పింది. ఆ గొడవలోనే 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటుతో నెగ్గి మంత్రివర్గం పడిపోయింది. తెల్లవారి తుపాకీకి గుండె చూపిన ఆంధ్రకేసరిని సారా కుండ పడగొట్టిందన్నమాట.

ఇటు హైదరాబాదు రాష్ట్రంలో నిషేధం లేదు. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం ఇచ్చిన నివేదికలో తెలంగాణ తలసరి ప్రభుత్వ రాబడి ఆంధ్ర కంటె ఎందుకు మెరుగ్గా ఉన్నదో చెబుతూ రెండు కారణాలు చూపారు. ఒకటి ఎక్కువ భూమిశిస్తు, రెండు ఏటా సుమారు 5 కోట్ల రూపాయల ఆబ్కారీ రాబడి. విలీనమైతే ఈ డబ్బు ఎటు పోతుందోనన్న అనుమానం అప్పటికే ఉన్నది. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో ఉద్యోగాలు, ముల్కీ, మిగులు నిధులు ఉన్నాయని అందరం చెప్పుకుంటాము. తెలంగాణలో మద్యనిషేధం ఎలా అమలు చేయాలో తెలంగాణ శాసనసభ్యులే నిర్ణయించాలనే షరతు కూడా అందులో ఉన్నది. అలా రాష్ట్రం ఒకటైనా చట్టాలు రెండుగా నడిచాయి. ఇక్కడ దుకాణం తెరిచి ఉంటుంది, అక్కడ అదే సీసాతో పట్టుబడితే కేసు. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చింది, 1969లో ఆంధ్ర ప్రాంతంలో నిషేధం పోయింది. ఆ 1969లోనే తెలంగాణ మిగులు నిధుల లెక్కల మీద ఎంత ఉద్యమం జరిగిందో మనలో చాలామంది కళ్లారా చూశాము. ఆ లెక్కలలో ఈత చెట్టు, సారా దుకాణం వాటా ఎంతో ఊహించుకోవచ్చు.

నేను ఉద్యోగంలో చేరింది ఆ తరువాత. జిల్లా కార్యాలయంలో ఒకే గదిలో రెండు బల్లలు. ఒక బల్ల మీద హర్రాజు ఫైళ్లు. సంవత్సరానికి ఒకసారి షామియానా వేసి, అధికారుల సమక్షంలో సారా దుకాణాల పాట జరిగేది. గుత్తేదారులు కార్లలో వచ్చేవారు, లక్షలు పలికేవారు. రెండో బల్ల నాది. దాని మీద గుడుంబా కేసుల మిసిళ్లు. పంచనామాలన్నీ ఒకే మూసలో ఉండేవి: ఇద్దరు పంచుల ఎదుట ఫలానా గుడిసె వెనుక బెల్లపు ఊట ఇంత దొరికినది, నమూనా సీసాలో తీసి సీలు వేసినది, మిగిలినది అక్కడనే పారబోసినది, కుండలు పగలగొట్టినది. ముద్దాయి పేరు దగ్గర ఎక్కువగా ఆడవారి పేర్లే. వృత్తి కూలి. భర్త పేరుకు ముందు చాలాసార్లు "లేటు". జరిమానా కట్టడానికి డబ్బు ఎక్కడిది? మళ్లీ బెల్లం అప్పు తెచ్చి బట్టీ పెట్టేవారు. ఏడాది తిరగకుండా అదే పేరుతో మరో మిసిల్ నా బల్ల మీదికి వచ్చేది. అటు బల్ల, ఇటు బల్ల సరుకు ఒకటే. ఖజానాకు కట్టినవాడిది వ్యాపారం, కట్టనివారిది నేరం. ఒకటో తారీఖున జీతం మాత్రం మా గదిలో అందరికీ ఒకే ఖజానా నుంచి వచ్చేది. మీ శాఖ ఏదైనా, బడి పంతులైనా, పశువైద్యులైనా, మీకూ అక్కడి నుంచే.

గుడుంబా మంచిదని నేను అనడం లేదు. బెల్లం ఊటలో నవసారం, పటిక, తుమ్మచెక్క, ఇంకా నోట చెప్పరానివి వేసేవారు. తుప్పు పట్టిన డబ్బాలలో కాసేవారు. అయితే ఒక అపోహ తొలగించాలి. సామూహిక మరణాలు జరిగినప్పుడు బట్టీ సరిగా కాయలేదని అంటారు. బెల్లం గాని మొక్కజొన్న గాని పులిస్తే వచ్చే మిథనాలు స్వల్పం. ప్రాణాలు తీసేది, కారుచౌకగా దొరికే పారిశ్రామిక మిథనాలును మత్తు కోసం కలపడం. 2024 జూన్‌లో తమిళనాడు కళ్లకురిచిలో 60 మందికి పైగా చనిపోయింది అందువల్లనే. 1930లో అమెరికాలోనూ మద్యనిషేధం రోజులలో జమైకా అల్లం మందు అనే పేరుతో అమ్మిన కల్తీ సరుకు తాగి వేలమందికి కాళ్లు పడిపోయాయి. మనకు దగ్గరలోనే, 2025 జూలైలో, కూకట్‌పల్లి ప్రాంతంలో మత్తుమందు కలిపిన కల్లు తాగి పలువురు మరణించారు.

1980లలో సర్కారే సారాను ప్లాస్టిక్ సంచులలో నింపి వారుణివాహిని పేరుతో ఊరూరికీ పంపింది. సంచి చిన్నది, ధర తక్కువ, ఇంటి ముందుకే వచ్చింది. కూలి డబ్బులు ఇల్లు చేరడం మానేశాయి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రి బడికి వచ్చిన ఆడవారు వాచకంలో సీతమ్మ కథ చదివి, మన ఊరి సంగతీ ఇదేగదా అనుకున్నారు. వర్ధినేని రోశమ్మ గారు ముందు నడిచారు. 1992లో ఉద్యమం ఎంత పెరిగిందంటే, సారా పాటలు జరగవలసిన చోటికే స్త్రీలు వేలాదిగా వచ్చి అడ్డుకున్నారు. హర్రాజులు వాయిదా మీద వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997 ఏప్రిల్‌లో సడలించారు. ఖజానా ఖాళీ అన్నది అప్పుడు చెప్పిన కారణం. ఆ రెండేళ్లలో నా బల్ల మీద మిసిళ్లు ఎంత ఎత్తున పేరుకున్నాయో నాకు తెలుసు. అయినా మా శాఖ లెక్కలలోకి ఎక్కని లెక్క ఒకటి ఉన్నది. ఆ రోజులలో మా కార్యాలయంలో ఊడ్చే మనిషి, "సారూ, ఈ పండుగకు పిల్లలకు బట్టలు కొన్నా" అని చెప్పింది. నిషేధం విఫలమైందని చెప్పేవారు ఆమెతో కూడా ఒకమాట మాట్లాడితే బాగుండేది.

తెలంగాణ ఏర్పడ్డాక 2015లో గుడుంబాకు బదులుగా చౌక మద్యం తేవాలన్న ఆలోచన వచ్చి, నిరసనలతో వెనక్కి పోయింది. తరువాత ధూల్‌పేట వంటి చోట్ల బట్టీల మీద గట్టి దాడులు జరిగాయి, మానుకున్నవారికి పునరావాసం అన్నారు. గుడుంబా వార్తలలో ఒకప్పుడు మా నానక్‌రామ్‌గూడ పేరు కూడా వినిపించేది.

ఇక మనుమడి రెండో ప్రశ్న. 1968 చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఒక్క సీసా కాచినా నేరమే; సొంతానికి అన్నా, సరదాకు అన్నా చెల్లదు. వాడు అమెరికా అమెరికా అంటాడు గాని అక్కడా ఇదే కథ. ఇంట్లో బీరు చేసుకోవడానికి 1978లో అనుమతించారు, సారా కాయడానికి మాత్రం 1868 నాటి చట్టం ప్రకారం ఐదేళ్ల వరకు జైలు. 2024లో టెక్సాసులో ఒక ఫెడరల్ జడ్జి, సొంత ఇంట్లో సరదాకు కాసుకునేవారిని ఇలా నిషేధించే అధికారం కాంగ్రెసుకు లేదని తీర్పు చెప్పడంతో వివాదం పై కోర్టుకు ఎక్కింది. నాకు తెలిసి 1996 నుంచి ఇంటి బట్టీని చట్టబద్ధం చేసిన దేశం న్యూజిలాండ్. అమెరికా కాన్సులేటు 2023 మార్చిలో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి మా నానక్‌రామ్‌గూడకే తరలివచ్చింది. వీసా కోసం వచ్చే పిల్లల తల్లిదండ్రులు ఎండలో నిలబడినప్పుడు, అక్కడ కూడా ఎక్సైజు వారున్నారని చెప్పాలనిపిస్తుంది.

మొక్కజొన్నకు మాత్రం ఆలస్యంగా బట్టీ యోగం పట్టింది. పెట్రోలులో కలిపే ఇథనాలు కోసం ఇప్పుడు దేశంలో నూకలతోపాటు మొక్కజొన్ననూ భారీగా పులియబెడుతున్నారు. అదే గంజి, అదే ఎంజైము, అదే ఈస్టు. తాగేవాడు మాత్రం మారాడు: మోటారు కారు.

ఇప్పపువ్వు కూడా కొత్త దారి పట్టింది. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం వారు ఇప్పపువ్వు, నువ్వులు, పల్లీలు, బెల్లం కలిపి లడ్డూలు చేసి అమ్ముతున్నారు. మా ఇంటికి ఒక డబ్బా తెప్పించాము. రుచి ఎండుద్రాక్షకు దగ్గరగా ఉంటుంది, మెత్తగా ఉంటుంది గనుక కట్టుడు పళ్లవారికి ఇబ్బంది లేదు. చక్కెర వ్యాధి ఉన్న సభ్యులు మాత్రం సగం లడ్డూతో ఆపాలి.